పీఎఫ్ పింఛను ఆన్‌లైన్ ఖాతా: పద్దెనిమిదేళ్ల సర్వీసు, ఆరేళ్ల వాడకం

ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ వారి ఆన్‌లైన్ ఖాతాను నేను 2019 నుంచి వాడుతున్నాను. మొదటి నాలుగేళ్లు ఉద్యోగిగా వాడాను, 2023 సెప్టెంబరు నుంచి పింఛనుదారుగా వాడుతున్నాను. మా తోటివాళ్లలో దీని గురించి రెండు రకాల మాటలు వింటూ ఉంటాను. ఫోనులో తెరిస్తే డబ్బు ఎవరైనా కాజేస్తారేమో అని కొందరు భయపడతారు. రిటైరయ్యాక చూసుకుందాం, ఇప్పుడెందుకు అని ఇంకొందరు పక్కన పెడతారు. కొద్దిపాటి జాగ్రత్త తెలిస్తే ఆ భయం పోతుంది. పక్కన పెట్టినవాళ్లు మాత్రం నిజంగానే నష్టపోయారు, అది నేను కళ్లారా చూశాను. అందుకే ఈ సమీక్ష రిటైరైనవారి కంటే, యాభై ఏళ్లు దాటి ఇంకా డ్యూటీకి వెళుతున్నవారి కోసం ఎక్కువగా రాస్తున్నాను.

నేను పనిచేసింది హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్లచెరువు చుట్టుపక్కల ఉన్న సిమెంటు కర్మాగారాల్లో ఒకదానిలో. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. మేము చేరినప్పుడు అంతా ఉమ్మడి నల్లగొండే. టైం ఆఫీసులో గుమస్తాగా హాజరు పట్టీ రాయడం, ఓవర్‌టైం లెక్క తేల్చడం నా పని. 2005 సెప్టెంబరు 1న చేరి, 58 ఏళ్లు నిండిన 2023 ఆగస్టు చివర దిగిపోయాను. ఆ రోజుల్లో పీఎఫ్ పని అంటే హైదరాబాదులో పీఎఫ్ కార్యాలయం ఉన్న బర్కత్‌పురాకు ప్రయాణమే. తెల్లవారుజామున బస్సెక్కి, నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా హైదరాబాదు చేరి, మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడి, 'మీ కంపెనీ నుంచి కాగితం రావాలి' అన్న ఒక్క మాట విని తిరిగొచ్చినవాళ్లు మా షిఫ్టులో పదుల సంఖ్యలో ఉండేవారు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయేది. ఈ ఖాతా విలువ ఎంతో చెప్పాలంటే ముందు ఆ కూలి పోయిన రోజులు లెక్కలోకి తీసుకోవాలి.

ఖాతా తెరవడానికి కావలసింది యూఏఎన్ అనే 12 అంకెల నంబరు. 2014 నుంచి ఇస్తున్న ఈ నంబరు మనిషికి ఒక్కటే. కంపెనీ మారినా మారదు. దాన్ని ఆధార్‌కు జోడించిన ఫోను నంబరుతో క్రియాశీలం చేసుకుంటే లోపలికి వెళ్లవచ్చు. 2019లో మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు నేను ముందు చూసింది డబ్బు ఎంత ఉందో కాదు, నా పేరు. పద్నాలుగేళ్లుగా మూడు వందల మంది పేర్లు పట్టీలో రాసినవాణ్ణి కాబట్టి ఆ అలవాటు ఉంది. నా పేరే తప్పుగా ఉంది.

మన ప్రాంతంలో ఈ తప్పు ఎంత సాధారణమో కొంచెం వివరంగా చెప్పాలి. మన పేర్ల చివర 'య్య' వస్తుంది. దాన్ని ఇంగ్లీషులో ఒకరు ఏ, ఐ, ఏ, హెచ్ అని రాస్తారు, మరొకరు ఏ, వై, వై, ఏ అని రాస్తారు. ఇంటిపేరును ఫ్యాక్టరీ రికార్డులో ఒక్క పొడి అక్షరంగా ముందు పెడతారు. ఆధార్‌లో పూర్తిగా రాస్తారు, అదీ కొన్నిసార్లు చివర. పుట్టిన తేదీ సంగతి ఇంకా కష్టం. బడిలో చేర్పించిన రోజు పంతులుగారు వేసిన తేదీ ఒకటి, ఆధార్ తీసిన రోజు నోటితో చెప్పింది ఇంకొకటి. మనకు ఇవన్నీ ఒకే మనిషివి. కంప్యూటరుకు మాత్రం ముగ్గురు మనుషులు. ఆధార్‌తో పేరు, లింగం, పుట్టిన తేదీ సరిపోలకపోతే ఆ పైన ఏ దరఖాస్తూ కదలదు.

సవరణ కోసం పోర్టల్‌లోనే అర్జీ పెట్టాను. అది అప్పటి పద్ధతి ప్రకారం ముందు యాజమాన్యం ఆమోదం పొంది, తరువాత పీఎఫ్ కార్యాలయానికి వెళ్లాలి. నా అర్జీ ఏడు నెలలు మా ఫ్యాక్టరీ ఆఫీసులోనే ఆగిపోయింది. రోజూ అదే మెట్లెక్కి డ్యూటీకి వెళుతున్నవాణ్ణి కాబట్టి వెంటపడి చేయించుకోగలిగాను. ఇదే పని రిటైరయ్యాక అయితే గేటు దగ్గర పాసు రాయించుకుని, కొత్తగా వచ్చిన అధికారికి నేనెవరో చెప్పుకుని మొదలుపెట్టాలి. 2025 జనవరిలో ఈ సవరణల పద్ధతిని చాలా సులభం చేశారు. 2017 అక్టోబరు 1 తరువాత, ఆధార్‌తో ధ్రువీకరించి యూఏఎన్ పొందినవారు పేరు, పుట్టిన తేదీ వంటివి యాజమాన్యంతో పని లేకుండా తామే సరిదిద్దుకోవచ్చు. కానీ మా తరం వాళ్లవి పాత నంబర్లు. మాకు ఇప్పటికీ కంపెనీ సంతకం కావాలి. కంపెనీ ఉన్నప్పుడే, అందులో మనం ఉన్నప్పుడే ఆ సంతకం తేలిక.

ఇక పాసుబుక్కు. ఈ సేవ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చినదీ, జనం అన్నిటికంటే తక్కువ అర్థం చేసుకున్నదీ ఇదే. నెలనెలా మూడు గడులు కనిపిస్తాయి: మన వాటా, యాజమాన్యం వాటా, పింఛను వాటా. మొదటి రెండింటి మీద వడ్డీ పడుతుంది. మూడోదాని మీద పడదు, దాన్ని పొదుపు డబ్బుగా చూడకూడదు కూడా. యాజమాన్యం ఇచ్చే దానిలోంచి జీతంలో 8.33 శాతం పింఛను పథకానికి వెళుతుంది, అదీ ఒక పరిమితి వరకే. నా పాసుబుక్కులో 2014 ఆగస్టు వరకు ఆ గడిలో నెలకు 541 రూపాయలు ఉంటుంది. సెప్టెంబరు జీతం నుంచి అది 1,250 అయింది. ఆ నెలలో జీత పరిమితిని 6,500 నుంచి 15,000కు పెంచడమే దానికి కారణం. నాలాంటివారికి ఎంత జీతం వచ్చినా పరిమితి దాటి పింఛను లెక్కకు రాదు.

ఈ రెండు అంకెలను నేను రిటైరవడానికి చాలా ముందే చూసి ఉండటం వల్ల నా పింఛను విషయంలో మోసపోయానన్న బాధ నాకు కలగలేదు. మా బ్యాచ్‌లో చాలామందికి కలిగింది. అందరికీ తెలిసిన సూత్రం ఒకటుంది: చివరి 60 నెలల సగటు జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. ఆ లెక్కన 15,000 పరిమితి మీద నా 18 ఏళ్లకు 3,857 రూపాయలు రావాలి. వచ్చేది 2,764. ఎక్కడ తగ్గింది? 2014 సెప్టెంబరుకు ముందున్న సర్వీసును పాత పరిమితి 6,500తోనే లెక్కిస్తారు. నా మొదటి తొమ్మిదేళ్లకు 835 రూపాయల 71 పైసలు, తరువాతి తొమ్మిదేళ్లకు 1,928 రూపాయల 57 పైసలు. రెండూ కలిపితే సరిగ్గా సరిపోయింది. ఇరవై ఏళ్లు నిండి ఉంటే ఇంకో రెండేళ్లు బోనసుగా కలిసేవి. నాకు ఆ భాగ్యం లేదు. పద్దెనిమిదేళ్ల చాకిరీకి ఈ మొత్తం తక్కువే. కనీస పింఛను వెయ్యి రూపాయలు కూడా 2014 నుంచి అలాగే ఉంది, దాన్ని పెంచాలని పింఛనుదారులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు, ఆ కోరిక న్యాయమైనది. కానీ అది పథకానికి సంబంధించిన విషయం. ఖాతా మాత్రం లెక్కను దాచకుండా చూపించింది. ఎవరి పాసుబుక్కు, సర్వీసు చరిత్ర వారు తెరిచి కాగితం మీద ఇదే లెక్క వేసుకోవచ్చు.

నామినేషన్, పింఛను దరఖాస్తు రెండూ పెద్ద ఇబ్బంది లేకుండా జరిగాయి. నామినేషన్‌కు నా ఇంటామె ఆధార్ నంబరు, ఫొటో పెట్టి, చివర ఆధార్ ఓటీపీతో సంతకం చేయాలి. చాలామంది వివరాలు నింపి ఆ చివరి సంతకం చేయకుండా వదిలేస్తారు. అలా వదిలేసిన నామినేషన్ లేనట్టే లెక్క. ఈ పథకంలో పింఛనుదారు పోయాక భార్యకు సగం పింఛను వస్తుంది కాబట్టి ఆమె పేరు, పుట్టిన తేదీ కూడా ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. రిటైరయ్యాక పీఎఫ్ డబ్బుకు ఫారం 19, పింఛనుకు ఫారం 10డి విడివిడిగా పెట్టాలి. ఒకటి పెడితే రెండోది దానంతట అదే వస్తుందనుకుని కూర్చున్నవాళ్లున్నారు.

బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే మన నల్లగొండ జిల్లాలో ఇది అందరికీ ఒకేలా ఉండదు. ఈ సర్టిఫికెట్‌ను కంప్యూటరు ద్వారా ఇచ్చే జీవన్ ప్రమాణ్ పద్ధతి 2014 నవంబరులో మొదలైనప్పుడు వేలిముద్రతోనో కనుపాపతోనో ఇవ్వవలసి వచ్చేది. సిమెంటు బస్తాలు మోసి మోసి చేతులు అరిగిపోయినవాళ్ల వేలిముద్ర యంత్రం మీద పడదు. నాలుగు సార్లు నొక్కి, తడి గుడ్డతో తుడిచి, మళ్లీ నొక్కి, చివరికి సిగ్గుపడుతూ చేయి వెనక్కి తీసుకునేవారు. 2021 నవంబరులో ముఖం గుర్తింపు వచ్చాక ఆ కష్టం తీరింది.

మా ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసిన ఒక పెద్దాయనది మర్రిగూడ మండలం. చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడు నీళ్ల వల్ల ఆయన నడుము, మెడ బిగుసుకుపోయాయి. నిలబడితే నేల తప్ప ఎదుటి మనిషి ముఖం కనిపించదు. బస్సు మెట్టు ఎక్కలేరు. నిరుడు నవంబరులో నేనే వాళ్ల ఊరు వెళ్లాను. ఫోనులో ఆధార్ ఫేస్ ఆర్‌డీ, జీవన్ ప్రమాణ్ ఫేస్ యాప్ రెండూ ముందే పెట్టుకున్నాను. మొదట ఆపరేటరుగా నా ముఖం, తరువాత పింఛనుదారుగా ఆయన ముఖం చూపించాలి. ఆయన తల ఎత్తలేరు కాబట్టి వాకిట్లో గద్దె మీద ఆయన్ను కూర్చోబెట్టి, నేను ఎదురుగా మట్టిలో కూర్చుని, ఫోను మోకాళ్ల ఎత్తులో పట్టుకున్నాను. మొదటిసారి వేపచెట్టు నీడ మచ్చలు మచ్చలుగా ముఖం మీద పడి తీసుకోలేదు. గద్దెను గోడ పక్కకు జరిపాము. తెర మీద కన్ను ఆర్పమని వచ్చింది. 'తాతా, ఒక్కసారి కన్ను కొట్టు' అని మనవరాలు పక్క నుంచి అంటే ఆయన నవ్వారు, ఆ నవ్వులో కళ్లు మూసి తెరిచేసరికి పని అయిపోయింది. సర్టిఫికెట్ నంబరు అయిన ప్రమాణ్ ఐడీతో సందేశం వచ్చింది. ఆ ఒక్క నిమిషం కోసం అంతకు ముందు ఏడాది ఆయన్ను ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లారట.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పకుండా చెప్పాలి. యాప్‌లో పింఛను మంజూరు చేసినది ఎవరు అని అడిగే చోట ఉద్యోగుల భవిష్య నిధి సంస్థనే ఎంచుకోవాలి, పీపీఓ (పింఛను చెల్లింపు ఆదేశం) నంబరులోని 12 అంకెలూ సరిగ్గా కొట్టాలి. తప్పు సంస్థను ఎంచుకున్నా సర్టిఫికెట్ తయారవుతుంది, సందేశం వస్తుంది. కానీ అది వెళ్లవలసిన చోటికి వెళ్లదు, పింఛను ఆగుతుంది. అందుకే సందేశం చూసి ఊరుకోకుండా సంస్థ వెబ్‌సైట్‌లోని పింఛనుదారుల పోర్టల్‌లో అది చేరిందో లేదో చూసుకోవాలి. ఇంకొక విషయం: కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల్లాగా మనం నవంబరులోనే ఇవ్వాలన్న నియమం లేదు. ఏ రోజు ఇస్తే ఆ రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఫోను చేతకానివారికి తపాలా వారి పేమెంట్స్ బ్యాంకు ద్వారా ఇంటికే వచ్చి చేసే ఏర్పాటు కూడా ఉంది.

భద్రత సంగతికి వస్తే, ఖాతా దాని వంతు పని బాగానే చేస్తోంది. పాస్‌వర్డుతో పాటు ఆధార్‌కు జోడించిన ఫోనుకు వచ్చే ఓటీపీ కూడా అడుగుతుంది. తాళం గట్టిదే, తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న. మా స్నేహితుడొకరికి ఒక నెట్ సెంటర్‌లో యూఏఎన్ తెరిచిపెట్టిన కుర్రాడు, ఈయన ఫోనుకు సిగ్నల్ లేదని తన నంబరే ఖాతాలో పెట్టాడు. దురుద్దేశం ఉందో లేదో నేను చెప్పలేను. రెండేళ్ల పాటు ఈయన ఖాతాకు సంబంధించిన ప్రతి సందేశం ఆ కుర్రాడి ఫోనుకే వెళ్లింది. పాస్‌వర్డు మరిచిపోయాను అన్న మార్గంలో వెళ్లి, ఆధార్‌తో నిరూపించుకుని, నంబరు మార్చాము. ఆధార్, పాన్, యూఏఎన్, బ్యాంకు వివరాలు, ఓటీపీ ఇవేవీ ఫోనులో అడగబోమని సంస్థ పదే పదే చెబుతోంది. 'మీ పింఛను ఆగిపోతుంది, ఈ ఫైలు నొక్కండి' అని వాట్సాప్‌లో వచ్చేది ఏదైనా దొంగదే. నా మటుకు నేను పీఎఫ్ పని ఇంట్లో, నా ఫోనులోనే చేస్తాను. ప్రింటు కావలసి వస్తే మాత్రమే గడియారం సెంటరు దాకా వెళతాను.

నాకు లోటుగా అనిపించేది భాష. సభ్యుల పోర్టల్ ఇంగ్లీషు, హిందీ చదవగలిగినవారి కోసం ఉన్నది. కేంద్ర ప్రభుత్వ సేవల ఉమంగ్ యాప్‌లో తెలుగు ఎంచుకోవచ్చు. 7738299899 నంబరుకు ఈపీఎఫ్‌ఓహెచ్‌ఓ, యూఏఎన్, టీఈఎల్ అని ఇంగ్లీషు అక్షరాల్లో సందేశం పంపితే ఖాతా నిల్వ తెలుగులోనే వస్తుంది, ఇది చాలామందికి తెలియదు. అయితే నామినేషన్, ఫారం 10డి వంటి ముఖ్యమైన పత్రాలు తెలుగులో ఉంటే ప్యాకింగ్ సెక్షన్ మనిషి కూడా తాను దేనికి సంతకం చేస్తున్నాడో చదువుకుని చేస్తాడు. పాలమూరు, నల్లగొండల నుంచి ఫ్యాక్టరీలకు వెళ్లే పనివాళ్లకు ఆ మాత్రం హక్కు ఉంది.

2025 జనవరి నుంచి పింఛను చెల్లింపు దేశమంతటికీ ఒకే కేంద్రీకృత పద్ధతిలోకి వచ్చింది. అంతకు ముందు ఒక్కో ప్రాంతీయ కార్యాలయం మూడు నాలుగు బ్యాంకులతోనే ఒప్పందం పెట్టుకునేది, ఊరు మారితే పీపీఓను ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి బదిలీ చేయించుకోవాలి. ఇప్పుడు ఏ బ్యాంకు, ఏ శాఖ అయినా సరే. కొడుకు దగ్గర ఉండటానికి మహబూబ్‌నగర్ వెళ్లిపోయిన మా ఫోర్‌మన్‌కు దీనివల్ల చాలా మేలు జరిగింది.

చివరిగా మా బామ్మర్ది సంగతి. ఆయన జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోని ఒక మందుల కంపెనీలో కాంట్రాక్టు కార్మికుడు. పదకొండేళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు. యూఏఎన్ ఒకటే అయినా దాని కింద నాలుగు సభ్యత్వ నంబర్లు ఉన్నాయి. ఇద్దరు కాంట్రాక్టర్లు ఆయన మానేసిన తేదీ వేయలేదు. చివరి చందా పడిన రెండు నెలల తరువాత ఆ తేదీని సభ్యుడే వేసుకోవచ్చు కాబట్టి దసరాకు వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని వేశాము. మధ్యలో ఒకసారి అవసరం పడి పింఛను డబ్బు కూడా తీసేసుకుందామనుకున్నాడు. పదేళ్లు నిండకపోతే పింఛనుకు అర్హత రాదని, తీసుకుంటే ఆ సర్వీసు లెక్కలోంచి పోతుందని చెప్పి ఆపాను. పాత నంబర్ల సర్వీసంతా ఇప్పుడున్న దానికి బదిలీ పెట్టించాను.

అంతా అయ్యాక పాసుబుక్కు నెలనెలా చదువుతుంటే, మూడో కాంట్రాక్టరు కాలంలో ఏడు నెలల గడులు ఖాళీగా కనిపించాయి. ఆయన లేచి వెళ్లి సంచిలోంచి ఆ ఏడు నెలల జీతం చీటీలు తెచ్చి నా ముందు పరిచాడు. ప్రతి చీటీలో పీఎఫ్ కోత ఉంది. 'చీటీల కోసిండ్రు బావా, బుక్కుల మాత్రం లేదు' అన్నాడు. అతని సర్వీసు ఇప్పుడు పదేళ్లు దాటింది కాబట్టి అర్హతకు ఢోకా లేదు, కానీ ఆ డబ్బు అతనిది. చీటీల ఫొటోలు జోడించి సంస్థ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాము, నమోదు సంఖ్య వచ్చింది. ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్‌కే నికట్' పేరుతో సంస్థ అధికారులు కూర్చుంటారు. ఈ నెల మహబూబ్‌నగర్ జిల్లాలో ఎక్కడ పెడుతున్నారో చూసుకుని, ఆ ఏడు చీటీల అసలు ప్రతులతో ఇద్దరం వెళుతున్నాము.